మూత్ర ఇన్‌ఫెక్షన్ బ్యాక్టీరియాపై మూలికల పరీక్ష: మొక్క కోయడం నుంచి ఎంఐసీ (బ్యాక్టీరియాను ఆపే అతి తక్కువ గాఢత) దాకా

మూత్రంలో మంట అనగానే మన ఊళ్లలో పెద్దవాళ్ల నోట ముందు వచ్చే మాట పల్లేరుకాయల కషాయం. ఆ తర్వాత కొండపిండి ఆకు, నేల ఉసిరి, గలిజేరు వేరు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మైక్రోబయాలజీ, ఫార్మసీ చదివే పిల్లలు ప్రాజెక్టు అనగానే ఈ మొక్కల వైపే చూస్తారు. చూడాల్సిందే కూడా. ఒకప్పుడు తేలిగ్గా లొంగిన ఈ.కోలై ఇప్పుడు చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగడం లేదు. కొత్త మందు ఎక్కడ దొరికే అవకాశం ఉన్నా వెతకాలి.

చిక్కల్లా ఒక్కటే. బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద, సారం పోసిన చోట చుట్టూ గుండ్రంగా ఖాళీ జాగా కనబడగానే "జోన్ వచ్చింది సార్, పనిచేస్తోంది" అని రికార్డులో రాసేస్తారు. ఆ ఖాళీ మొక్క వల్లే రావచ్చు. కరిగించిన ద్రావకం వల్లో, సారంలోని పులుపు వల్లో, మిరపచేలో కొట్టిన మందు వల్లో కూడా రావచ్చు. బ్యాక్టీరియా ఆగింది సరే, ఆపింది మొక్కేనని ఎలా తేలుతుంది? ఇక్కడ చెప్పే ప్రతి పని ఆ ప్రశ్నకు జవాబు కోసమే.

లాబ్‌లో అడుగుపెట్టే ముందు

ఈ పని ఇంట్లో చేసేది కాదు. ఈ బ్యాక్టీరియా రెండో స్థాయి జీవభద్రత ఉన్న లాబ్‌లోనే పెంచాలి: బయోసేఫ్టీ క్యాబినెట్, ఆటోక్లేవ్, కోటు, గ్లవ్స్ ఉండాలి, పక్కన తెలిసినవాళ్లు ఒకరుండాలి. నోటితో పిపెట్ పీల్చే అలవాటు ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది, దాన్ని గుమ్మం బయటే వదిలేయండి.

బ్యాక్టీరియా రెండు దారుల్లో దొరుకుతుంది. ఒకటి, చండీగఢ్‌లోని ఎంటీసీసీ లాంటి కల్చర్ బ్యాంకు నుంచి నంబరుతో సహా కొనడం. రెండు, గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల మైక్రోబయాలజీ విభాగం నుంచి రోగుల నమూనాల్లో పెరిగినవి తీసుకోవడం. రెండో దారికి సంస్థాగత ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, రోగి వివరాలేవీ మీ చేతికి రాకూడదు. ఈ అనుమతికి వారాలు పడుతుంది కాబట్టి మొక్క కోయకముందే దరఖాస్తు పెట్టండి. కొండపల్లి, కొండవీడు వైపు రిజర్వు అడవిలో మొక్కలు కోయాలనుకుంటే అటవీశాఖ అనుమతి కూడా ముందే తీసుకోవాలి.

మొక్క ఎక్కడ కోస్తారన్నదే సగం పరీక్ష

గుంటూరు జిల్లాలో పల్లేరు, గలిజేరు, కొండపిండి ఎక్కువగా కనిపించేది పొలం గట్ల మీదే. కోయకూడనిది కూడా అక్కడే. మిరపకు, పత్తికి సీజనంతా పురుగుమందులు, తెగులుమందులు కొడుతూనే ఉంటారు, ఆ తుంపర గట్టు మీది మొక్క మీద పడుతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి రాగి మందులకు బ్యాక్టీరియాను ఆపే గుణం ఉంది. మిరపలో ఆకుమచ్చ తెగులుకు దానితో కలిపి స్ట్రెప్టోసైక్లిన్ కొట్టే రైతులూ ఉన్నారు. స్ట్రెప్టోసైక్లిన్ అంటే అచ్చంగా యాంటీబయాటిక్. అలాంటి గట్టు మీది నేల ఉసిరితో జోన్ వస్తే అది ఎవరి గొప్పదనమో చెప్పగలరా? హైవే పక్కవి, ఆసుపత్రి మురుగు కాలువల పక్కవి కూడా వద్దు. కాలేజీ తోటలో మందులు కొట్టని మడి ఒకటి పెట్టుకుని పెంచుకోవడం అన్నిటికన్నా మేలు. అది కుదరకపోతే ఊరికి దూరంగా బీడు భూమిలో, సేద్యం లేని ఇసుక నేలలో కోయండి.

కొట్టులో ఎండు మూలికలు కొనడం తేలికే. విజయవాడ వన్ టౌన్‌లో అడిగితే అన్నీ దొరుకుతాయి. కానీ ఎప్పుడు కోశారో, ఎక్కడ కోశారో, ఎన్నాళ్లు గోనెసంచిలో ఉందో తెలియదు. పునర్నవ అని అమ్మే వేరు ఒక్కోసారి బోర్హేవియా డిఫ్యూసా, ఒక్కోసారి ట్రయాంథిమా. మన దగ్గర రెంటినీ గలిజేరు అనే పిలుస్తారు. నేల ఉసిరిలోనూ ఫిల్లాంథస్ జాతివి ఒకదాన్ని పోలి ఇంకొకటి మూడు నాలుగు రకాలుంటాయి. అందుకే పువ్వు, కాయ, వేరు అన్నీ ఉన్న మొక్కను పత్రికల మధ్య నొక్కి ఆరబెట్టి, హెర్బేరియం షీటు తయారుచేసి, వృక్షశాస్త్ర నిపుణులతో గుర్తింపు చేయించుకోవాలి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం ఉంది, హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం ఉంది. వాళ్లిచ్చే వోచర్ నంబరు మీ రిపోర్టులో ఉండి తీరాలి. కోసిన తేదీ, చోటు, మొక్కలో ఏ భాగం, పూత దశలో ఉందా కాయ దశలో ఉందా అన్నవి సంచి మీదే రాసుకోండి.

కడగడం, ఆరబెట్టడం, దంచడం

మట్టి పోయేదాకా కుళాయి నీళ్లతో, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడన గాలి తగిలేలా పలచగా పరచండి. వేసవిలో ఆకులు నాలుగైదు రోజుల్లో గలగలలాడతాయి. ఆగస్టు, సెప్టెంబరు ముసురులో మాత్రం కృష్ణా తీరపు తేమకు వారం తిరక్కుండానే బూజు పడుతుంది. బూజు పట్టిన ఆకును దులిపి వాడకండి, మొత్తం పారేయండి. కొన్ని బూజులు స్వయంగా యాంటీబయాటిక్ పదార్థాలు తయారుచేస్తాయి, పరీక్ష అక్కడే తప్పుతుంది. వర్షాకాలంలో 40 డిగ్రీల హాట్ ఎయిర్ ఓవెన్‌లో ఆరబెట్టడం మేలు. వరసగా రెండు రోజులు తూకం మారకపోతే ఆరినట్టు.

పల్లేరుకాయలతో ఒక సంగతి. ఆరిన కాయ ముళ్లు పాలిథిన్ కవరును, గ్లవ్స్‌ను కూడా చీల్చుకుని వస్తాయి. గాజు సీసాలో దాచండి. నేరుగా మిక్సీలో వేయకుండా ముందు ఇనప రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఆ తర్వాత మిక్సీని ఆపుతూ ఆపుతూ తిప్పండి. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి, వేడికి తట్టుకోని పదార్థాలు అక్కడే చెడతాయి. పొడిని జల్లెడ పట్టి, గాలి చొరని సీసాలో, చీకట్లో పెట్టండి.

సారం తీయడం

రెండు సారాలు తీయాలని నా గట్టి అభిప్రాయం: ఒకటి నీటితో, ఒకటి మెథనాల్‌తో. మెథనాల్‌లో ఫ్లేవనాయిడ్లు, టానిన్లు, ఆల్కలాయిడ్లలో చాలావరకు దిగుతాయి, అందుకే అందరూ దానికే మొగ్గుతారు. కానీ జనం తాగేది కషాయం. కషాయం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు మెథనాల్ సారం జవాబు చెప్పదు. ఇథనాల్ వాడగలిగితే ఇంకా మంచిది, కాకపోతే దానికి ఎక్సైజ్ అనుమతుల తతంగం ఉంటుంది.

మెథనాల్ సారానికి 50 గ్రాముల పొడి, 500 మి.లీ. ద్రావకం, అంటే ఒకటికి పది. మూత బిగించిన కోనికల్ ఫ్లాస్కులో పోసి షేకర్ మీద 48 గంటలు ఉంచండి. పల్చటి గుడ్డతో వడకట్టి, తర్వాత వాట్‌మన్ 1 నంబరు ఫిల్టర్ పేపరులోంచి దించండి. మిగిలిన పిప్పికి ఇంకో రెండుసార్లు ద్రావకం పోసి అదే పని చేసి, అన్నీ కలపండి. సాక్స్‌లెట్ (ద్రావకాన్ని మరిగిస్తూ మళ్లీ మళ్లీ పొడిలోంచి దించే గాజు పరికరం) వాడితే పని త్వరగా అవుతుంది గానీ గంటల తరబడి మరుగుతుంది. మొదటిసారి పరీక్షించే మొక్కకు చల్లటి పద్ధతే మంచిది.

తర్వాత రోటరీ ఎవాపరేటర్, 40 డిగ్రీలు మించకుండా. మే నెలలో మన కుళాయి నీళ్లే కాగిపోయి ఉంటాయి. కండెన్సర్‌లోకి ఆ నీళ్లే పంపితే మెథనాల్ ఆవిరి చల్లబడదు, పంపులోకి, గదిలోకి పోతుంది. చిల్లర్ లేకపోతే ఐసు తొట్టిలోంచి నీళ్లు తిప్పండి, లేదా ఆ పని తెల్లవారుజామున పెట్టుకోండి. మెథనాల్ విషం. సారంలో దాని వాసన ఏ కొంచెం మిగిలినా పని పూర్తికానట్టే. ఎండిన సారాన్ని తూచి, దిగుబడి రాయండి: 50 గ్రాముల పొడికి 6 గ్రాములు వస్తే 12 శాతం.

నీటి సారానికి ఆయుర్వేదంలో వాడుకలో ఉన్న ఒక కొలత: ఒక వంతు చూర్ణానికి పదహారు వంతుల నీళ్లు పోసి ఎనిమిదో వంతుకు మరిగించడం. జనం కాచుకునే కషాయానికి ఇది దగ్గరగా ఉంటుంది. వడకట్టి వెంటనే ఫ్రీజ్ డ్రైయర్‌లో పొడి చేయించండి. అది లేకపోతే ఏ రోజుది ఆ రోజు కాచుకోవాలి. ఫ్రిజ్‌లో పెట్టినా నీటి సారం త్వరలోనే చెడుతుంది.

కరిగించడం

మెథనాల్ సారం నీళ్లలో సరిగా కరగదు, డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావకం కావాలి. మి.లీ.కి 100 మి.గ్రా. చొప్పున స్టాక్ చేసుకోండి. డీఎంఎస్‌ఓ కూడా మోతాదు మించితే బ్యాక్టీరియాను ఆపుతుంది. బ్యాక్టీరియాను పెంచే ద్రవంలో (బ్రాత్) చివరికి 1 శాతం దాటకుండా లెక్క వేసుకోవాలి. ఆ లెక్క కింద చూపిస్తాను.

వడకట్టే సిరింజి ఫిల్టరు (0.22 మైక్రాన్లు) కొనేటప్పుడు పొర దేనితో చేసిందో చూడండి. సెల్యులోజ్ నైట్రేట్, సెల్యులోజ్ ఎసిటేట్ పొరలు డీఎంఎస్‌ఓలో కరిగిపోతాయి. నైలాన్ గానీ నీటిని పీల్చే రకం పీటీఎఫ్‌ఈ గానీ తీసుకోండి. సారాన్ని మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి.

బ్యాక్టీరియా: ఏవి, ఎలా నిర్ధారించాలి

మూత్ర ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఈ.కోలై పనే. తర్వాత క్లెబ్సియెల్లా న్యుమోనియే, ప్రోటియస్ మిరాబిలిస్, ఎంటరోకాకస్ ఫీకాలిస్, స్టెఫైలోకాకస్ సాప్రోఫైటికస్. క్యాథెటర్ పెట్టినవాళ్లలో సూడోమొనాస్ ఎరుజినోసా కూడా. కనీసం ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ఎంటరోకాకస్ అన్నా పరీక్షలో ఉండాలి. మొక్కల పదార్థాలకు గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా తేలిగ్గా లొంగుతుంది. గ్రామ్ నెగెటివ్ వాటికి బయటి పొర అడ్డం. స్టెఫైలోకాకస్ మీద పనిచేసిందని చూపించి "మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు మందు" అనడం సరికాదు, అసలు శత్రువు ఈ.కోలై.

వీటితోపాటు ఈ.కోలై ఏటీసీసీ 25922 తప్పనిసరి, ఇది లాబ్‌లన్నీ పోల్చి చూసుకునే ప్రామాణిక రకం. మీ మీడియా, డిస్కులు, ఇంక్యుబేటరు బాగున్నాయో లేదో చెప్పేది అదే.

ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నవాటిని మళ్లీ మీరే నిర్ధారించుకోండి. మెకాంకీ అగార్ (బ్యాక్టీరియాను పెంచే గట్టి జెల్లీలో ఒక రకం) మీద ఈ.కోలై గులాబీ రంగు కాలనీలు, క్లెబ్సియెల్లా జిగురుగా ఉబ్బిన గులాబీ కాలనీలు. ప్రోటియస్ లాక్టోజ్‌ను వాడదు, యూరియేజ్ పరీక్షలో గబుక్కున గులాబీ రంగు చూపిస్తుంది. మామూలు అగార్ మీద ప్రోటియస్ అలలు అలలుగా ప్లేటంతా పాకుతుంది. సీఎల్ఈడీ అగార్ మీద ఆ పాకుడు ఉండదు, విడి కాలనీలు కావాలంటే అదే వాడండి. నిర్ధారించిన కల్చర్లను గ్లిసరాల్‌లో గడ్డకట్టించి దాచి, ప్రతి ప్రయోగానికీ అందులోంచి తాజాగా పెంచుకోండి. వాలు గొట్టం నుంచి వాలు గొట్టానికి నెలల తరబడి మారుస్తూపోతే దాని గుణమే మారుతుంది.

ఎన్ని బ్యాక్టీరియాలున్నాయో తెలియకుండా ముందుకు వెళ్లొద్దు

ద్రవం మబ్బుదనాన్ని బట్టి బ్యాక్టీరియా సంఖ్యను అంచనా వేయడానికి వాడే 0.5 మెక్‌ఫార్లాండ్ ప్రమాణం లాబ్‌లోనే చేసుకోవచ్చు: 1.175 శాతం బేరియం క్లోరైడ్ ద్రావణం 0.5 మి.లీ., 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 99.5 మి.లీ. రాత్రి పెరిగిన ప్లేటు నుంచి నాలుగైదు కాలనీలు సెలైన్‌లో కలిపి, ఆ మబ్బుదనానికి సరిపెట్టండి. స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 625 నానోమీటర్ల దగ్గర 0.08 నుంచి 0.13 మధ్య రావాలి. ఈ.కోలైకైతే అది మి.లీ.కి సుమారు 15 కోట్ల బ్యాక్టీరియా. చేసిన పావుగంటలోపు వాడేయాలి, లేకపోతే సంఖ్య మారిపోతుంది.

ప్లేటు పరీక్ష: ఇది వడపోత మాత్రమే

ముల్లర్ హింటన్ అగార్, పీహెచ్ 7.2 నుంచి 7.4, మందం 4 మి.మీ. పలచగా పోస్తే జోన్లు ఉబ్బుతాయి, మందంగా పోస్తే కుంచించుకుపోతాయి. మీడియా పొదుపు చేద్దామని చేయి బిగించకండి. స్వాబ్‌ను ద్రవంలో ముంచి, గొట్టం గోడకు నొక్కి పిండి, ప్లేటును 60 డిగ్రీల చొప్పున తిప్పుతూ మూడు దిక్కులా పూయండి. 6 మి.మీ. కార్క్ బోరర్‌తో అగార్‌లో వెల్స్ (చిన్న గుంటలు) తవ్వి, ఒక్కోదాంట్లో 50 మైక్రోలీటర్లు పోయండి. వెల్ అడుగున కరిగించిన అగార్ చుక్క వేస్తే సారం కిందనుంచి జారిపోదు. ఒక గంట బయట ఉంచి, తర్వాత 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు.

ఆ 35 డిగ్రీలు మన దగ్గర అంత తేలికైన మాట కాదు. మామూలు ఇంక్యుబేటరుకు వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలియదు. మేలో ఏసీ లేని గది 41, 42 డిగ్రీలుంటే లోపల కూడా అంతకు తగ్గదు. అలాంటి రోజు బ్యాక్టీరియా మందకొడిగా పెరిగితే జోన్ అబద్ధంగా పెద్దదవుతుంది. శీతలీకరణ ఉన్న బీఓడీ ఇంక్యుబేటరు వాడండి, లోపల థర్మామీటరు ఉంచి పొద్దునా సాయంత్రం రీడింగు రాయండి. కరెంటు పోయిన వేళలు కూడా నోట్‌బుక్‌లో ఉండాలి.

ప్రతి ప్లేటులో ఒక వెల్ డీఎంఎస్‌ఓకు, ఒక స్థానం యాంటీబయాటిక్ డిస్కుకు. డిస్కు ఎంపికలో చాలామంది తడబడతారు. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు మంచి మందే గానీ ప్రోటియస్‌కూ సూడోమొనాస్‌కూ పుట్టుకతోనే దాని మీద నిరోధం ఉంది. క్లెబ్సియెల్లాకు ఆంపిసిలిన్ కూడా అంతే. అన్నిటికీ ఒకే డిస్కు పెట్టి "యాంటీబయాటిక్ కన్నా మా సారమే మెరుగు" అని రాస్తే అది చదివినవాళ్లు మిగతా పేజీలు కూడా నమ్మరు. ఏటీసీసీ 25922 మీద జెంటామైసిన్ 10 మైక్రోగ్రాముల డిస్కు 19 నుంచి 26 మి.మీ., నైట్రోఫ్యురాంటోయిన్ 300 మైక్రోగ్రాముల డిస్కు 20 నుంచి 25 మి.మీ. ఇవ్వాలి. అది తప్పితే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాల్సిందే.

కొలిచేటప్పుడు ప్లేటును నల్లటి గుడ్డ మీద బోర్లించి, పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టుకుని, వెర్నియర్‌తో వెల్ వ్యాసంతో కలిపి కొలవండి. ప్రోటియస్ ప్లేటులో జోన్ లోపలికి పొగమంచులా పలచటి పొర పాకి ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, దట్టమైన పెరుగుదల ఆగిన అంచే కొలత. జోన్ లోపల విడివిడిగా కాలనీలు కనిపిస్తే మాత్రం వదలొద్దు. అవి తట్టుకుని నిలిచిన బ్యాక్టీరియా కావచ్చు, కలుషితం కావచ్చు. తీసి గ్రామ్ స్టెయిన్ చేయండి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. మీ వెల్‌లో పోసిన 50 మైక్రోలీటర్లలో 5 మి.గ్రా. సారం ఉంది, అంటే 5000 మైక్రోగ్రాములు. సిప్రోఫ్లాక్సాసిన్ డిస్కులో ఉన్నది 5 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్ల తేడా. పైగా పెద్ద అణువులు, నీటిలో కరగనివి అగార్‌లో కదలవు, జోన్ చిన్నదిగా వచ్చినా అందులో గొప్ప పదార్థం ఉండొచ్చు. కాబట్టి 18 మి.మీ. సారం, 22 మి.మీ. సిప్రో అని పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు. ఏ సారాన్ని తర్వాతి పరీక్షకు తీసుకెళ్లాలో చెప్పడం వరకే ప్లేటు పని.

ఎంఐసీ: అసలు పరీక్ష

కంటికి కనిపించే బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢతే ఎంఐసీ. 96 గుంటల ప్లేటు, కాటయాన్లు సరిచేసిన ముల్లర్ హింటన్ బ్రాత్ కావాలి.

స్టాక్ 20 మైక్రోలీటర్లను 980 మైక్రోలీటర్ల బ్రాత్‌లో కలపండి. మి.లీ.కి 2 మి.గ్రా. సారం, 2 శాతం డీఎంఎస్‌ఓ అవుతుంది. వరసలో 2 నుంచి 10 దాకా గుంటల్లో 50 మైక్రోలీటర్ల బ్రాత్ పోయండి. మొదటి గుంటలో ఈ సారం 100 మైక్రోలీటర్లు పోసి, అందులోంచి 50 తీసి రెండోదాంట్లో కలిపి, రెండోదాంట్లోంచి 50 మూడోదాంట్లోకి, అలా పదో గుంట దాకా వెళ్లి చివరి 50 పారేయండి. 0.5 మెక్‌ఫార్లాండ్ ద్రవం 0.1 మి.లీ.ను 14.9 మి.లీ. బ్రాత్‌లో కలిపితే మి.లీ.కి సుమారు 10 లక్షల బ్యాక్టీరియా ఉంటుంది. ప్రతి గుంటలో అది 50 మైక్రోలీటర్లు. ఇప్పుడు బ్యాక్టీరియా మి.లీ.కి 5 లక్షలు, సారం మి.లీ.కి 1000 మైక్రోగ్రాముల నుంచి సగం సగం చొప్పున సుమారు 2 దాకా, డీఎంఎస్‌ఓ ఎక్కడా 1 శాతం దాటదు. 11వ గుంట సారం లేని బ్యాక్టీరియా, 12వది ఖాళీ బ్రాత్.

పై మూడు వరసలు సారానికి. నాలుగో వరసలో సారం లేకుండా డీఎంఎస్‌ఓ ఒక్కదాన్నే అలాగే పలుచన చేస్తూ వెళ్లండి. అయిదో వరసలో సారం ఉంటుంది, బ్యాక్టీరియా ఉండదు. ఆరో వరసలో జెంటామైసిన్; ఏటీసీసీ 25922 మీద దాని ఎంఐసీ మి.లీ.కి 0.25 నుంచి 1 మైక్రోగ్రాము మధ్య ఉండాలి. మిగిలిన రెండు వరసలు కింద చెప్పే పరీక్షలకు. మూత వేసి, తడి గుడ్డ ఉన్న డబ్బాలో పెట్టి 16 నుంచి 20 గంటలు ఉంచండి. అలా పెట్టకపోతే అంచు గుంటలు ఆరిపోతాయి.

ముదురాకుపచ్చ సారంలో మబ్బుదనం కంటికి తెలియదు. అందుకు 0.015 శాతం రెసజ్యూరిన్ 30 మైక్రోలీటర్లు వేసి రెండు మూడు గంటలు ఆగండి. నీలంగానే ఉంటే పెరుగుదల లేదు, గులాబీ అయితే ఉంది. అయిదో వరస విలువ ఇక్కడ తెలుస్తుంది. ఉసిరి, కరక్కాయ లాంటి గట్టి క్షయకరణ గుణమున్న సారాలు బ్యాక్టీరియా లేకపోయినా రంగు మార్చేస్తాయి. అయిదో వరస గులాబీ అయితే రంగు పద్ధతి ఆ సారానికి పనికిరాదు, ప్రతి గుంట నుంచి చుక్క తీసి అగార్ మీద వేసి చూడాల్సిందే.

సంఖ్య సరిగ్గా ఉందో లేదో కూడా అదే రోజు తేల్చుకోండి. బ్యాక్టీరియా కలిపిన వెంటనే 11వ గుంట నుంచి 10 మైక్రోలీటర్లు తీసి 10 మి.లీ. సెలైన్‌లో కలిపి, అందులో 100 మైక్రోలీటర్లు ప్లేటు మీద పరిస్తే మర్నాటికి 50 కాలనీల దాకా రావాలి.

ఎంఐసీ ఎంత వస్తే మంచిది? ముడి సారాలకు చాలామంది పరిశోధకులు పాటించే కొలబద్ద ఇది: మి.లీ.కి 100 మైక్రోగ్రాముల లోపు అయితే చెప్పుకోదగ్గది, 100 నుంచి 625 మధ్యస్థం, ఆపైన బలహీనం. మి.లీ.కి 10 మి.గ్రా.ల దగ్గర ఆగిందని సంతోషపడటానికి లేదు. ఆ గాఢతలో ఉప్పు, పులుపు, జిగురు ఏదైనా ఆపేయగలదు.

ఆపింది మొక్క మందేనా?

గుంటూరు గోంగూర తీసుకోండి. సారం తీసి బ్రాత్‌లో వేస్తే పీహెచ్ పడిపోతుంది, బ్యాక్టీరియా పెరగదు, జోన్ కూడా వస్తుంది. అది మందు గుణం కాదు, పులుపు. ఉసిరి, చింత కూడా ఇంతే. సారం కలిపిన బ్రాత్ పీహెచ్ కొలిచి, తక్కువుంటే సోడియం హైడ్రాక్సైడ్‌తో 7.3కి తెచ్చి ఏడో వరసలో మళ్లీ పరీక్షించండి. అప్పటికీ ఆగితేనే మాట్లాడుకోవాలి.

టానిన్లది రెండో సమస్య. దానిమ్మ తొక్క, కరక్కాయ, తుమ్మబెరడు ప్లేటు మీద ఘనంగా జోన్లు ఇస్తాయి. టానిన్లు ఎదురొచ్చిన ప్రోటీన్‌నల్లా పట్టుకుని గడ్డకట్టిస్తాయి, బ్యాక్టీరియాను కూడా అలాగే. కానీ నోటితో తాగిన టానిన్లు ఉన్నవి ఉన్నట్టుగా మూత్రంలోకి చేరవు. దానిమ్మ, కరక్కాయల్లోని ఎల్లాజిటానిన్లను పేగుల్లోని సూక్ష్మజీవులు యూరోలిథిన్లనే వేరే పదార్థాలుగా మార్చేస్తాయి. అందుకని టానిన్లను పట్టుకునే, కరగని పీవీపీ పొడి కలిపి, వడకట్టి, టానిన్లు తీసేసిన సారాన్ని ఎనిమిదో వరసలో పెట్టండి. గుణం పూర్తిగా పోయిందంటే పనిచేసినవి టానిన్లే.

ఆపిందా, చంపిందా?

పెరుగుదల లేని గుంటల నుంచి 10 మైక్రోలీటర్ల చొప్పున అగార్ మీద వేయండి. మొదట అందులో ఉన్నవి 5000 బ్యాక్టీరియా. 99.9 శాతం చావాలంటే 5 కాలనీలకు మించి రాకూడదు. అలా వచ్చిన అతి తక్కువ గాఢత ఎంబీసీ. ఎంబీసీ ఎంఐసీకి నాలుగు రెట్ల లోపు ఉంటే చంపే గుణం అంటారు, అంతకు మించితే ఆపే గుణమే.

ప్లేటుకూ ఒంటికీ మధ్య దూరం

బేర్‌బెర్రీ ఆకులో ఆర్బుటిన్ ఉంటుంది. దాన్ని నేరుగా బ్యాక్టీరియా మీద వేస్తే పెద్దగా ఏమీ కాదు. ఒంట్లోకి వెళ్లాక హైడ్రోక్వినోన్‌గా మారి మూత్రంలోకి వచ్చాకే పనిచేస్తుంది. క్రాన్‌బెర్రీ బ్యాక్టీరియాను చంపదు, అందులోని ప్రోఆంథోసయనిడిన్లు ఈ.కోలై మూత్రనాళం గోడకు అతుక్కోకుండా అడ్డుపడతాయి. పల్లేరుకాయకు ఎంఐసీ రాలేదంటే అది పనికిరాదని తేలినట్టు కాదు. చంపే గుణం కనిపించలేదని మాత్రమే తేలింది. మూత్రం ఎక్కువ పోయించడం, అతుక్కోనివ్వకపోవడం, బ్యాక్టీరియాను జిగురు పొరగా (బయోఫిల్మ్) కట్టనివ్వకపోవడం వేరే పరీక్షలు. తీరిక ఉంటే క్రిస్టల్ వయొలెట్‌తో బయోఫిల్మ్ పరీక్ష చేయండి, కాలేజీ స్థాయిలో సాధ్యమే.

ఇంకో వైపు కూడా చూడాలి. బ్యాక్టీరియాను చంపే పదార్థం మన కణాలనూ చంపొచ్చు. వీరో లాంటి, లాబ్‌లో పెంచే జంతు కణాల మీద ఎంటీటీ పరీక్ష (ఎన్ని కణాలు బతికున్నాయో చెప్పేది) చేయించి, సగం కణాలు చనిపోయే గాఢతను ఎంఐసీతో భాగించండి. ఆ సంఖ్య ఎంత పెద్దదైతే అంత నయం. ఒకటికి దగ్గరుంటే ఆ సారం మందు కాదు. మూలికంటే హాని ఉండదనే నమ్మకం ముఖ్యంగా మూత్రపిండాల విషయంలో ప్రమాదకరం. గాడిదగడపాకు, ఈశ్వరి మొక్కలు అరిస్టలోకియా జాతివి. వాటిలోని అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. ఏ అవయవాన్ని కాపాడాలని ఈ పనంతా చేస్తున్నామో దాన్నే తినేస్తుంది.

ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పుడే మూత్రంలో మంటతో బాధపడుతున్నవాళ్లు ఉండొచ్చు. కషాయంతో రోజులు గడపకండి, డాక్టరును కలిసి యూరిన్ కల్చర్ చేయించుకోండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆ రోజే వెళ్లాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, షుగర్ ఉన్నవాళ్లు అసలే ఆలస్యం చేయకూడదు.

పారేయడం, రాయడం

వాడిన ప్రతి ప్లేటు, గొట్టం, టిప్ ముందు లాబ్‌లోనే 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ కావాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం కల్చర్లు పసుపు సంచిలోకి, ప్లాస్టిక్ ఎర్ర సంచిలోకి వెళ్తాయి. బల్లను 1 శాతం హైపోక్లోరైట్‌తో తుడవండి. యాంటీబయాటిక్స్‌కు లొంగని ఆసుపత్రి బ్యాక్టీరియా మీ సింకులోంచి ఊరి కాలువలోకి పోకూడదు.

ఒకే ప్లేటులో మూడు వరసలు పెట్టినంత మాత్రాన మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు రోజుల్లో, తాజా కల్చరుతో మూడుసార్లు చేసినప్పుడే మూడు. జోన్లకు సగటు, ప్రామాణిక విచలనం ఇవ్వండి. ఎంఐసీకి సగటు తీయకండి. 125, 125, 250 వస్తే ఎక్కువసార్లు వచ్చిన 125 రాసి, పక్కన 125 నుంచి 250 అని వ్యాప్తి చూపండి. పట్టికలో మొక్క శాస్త్రీయ నామం, వోచర్ నంబరు, భాగం, ద్రావకం, దిగుబడి, బ్యాక్టీరియా నంబరు, డీఎంఎస్‌ఓ వరస ఫలితం, పీహెచ్ సరిచేశాక వచ్చిన ఫలితం, టానిన్లు తీశాక వచ్చిన ఫలితం అన్నీ ఒకే వరసలో ఉండాలి. పనిచేయని సారాలను కూడా అదే పట్టికలో పెట్టండి. వచ్చే ఏడాది ఇదే మొక్క పట్టుకుని వచ్చే విద్యార్థికి అవి కూడా కావాలి.